883 బెల్ట్‌కి చిల్లు పడింది, అంచున పోగులు లేస్తున్నాయి. అరకు దాకా వెళ్లొచ్చా?

వస్త్రలత_883

అందరికీ నమస్కారం. మాది బెజవాడ, వస్త్రలతలో హోల్‌సేల్ బట్టల కొట్టు. ఏడాదిన్నర కింద 2013 మోడల్ హార్లీ డేవిడ్సన్ ఐరన్ 883 బైకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అప్పుడు మీటరు 31 వేలు, ఇప్పుడు 43 వేలు. చైన్ బదులు వెనక చక్రాన్ని తిప్పే బెల్ట్ ఎప్పుడైనా మార్చారా అని పాత ఓనరును అడిగితే, "బెల్ట్‌కి అసలు మెయింటెనెన్సే ఉండదు సార్, మర్చిపోండి" అన్నాడు. నిజంగానే మర్చిపోయాను. పాత బుల్లెట్ ఉన్నప్పుడు ఆదివారం వస్తే చైన్‌కి ఆయిల్ వేసి, ఆ మరకలు ప్యాంటుకు అంటించుకుని ఇంట్లో తిట్లు తినేవాణ్ణి. అది తప్పిందన్న సంతోషంలో ఈ బెల్ట్ వైపు కన్నెత్తి చూడలేదు.

పోయిన వారం శ్రీశైలం వెళ్లొచ్చాను. వినుకొండ దాటాక ఒకచోట రోడ్డు పని జరుగుతోంది, రెండు మూడు కిలోమీటర్లు ఒట్టి కంకర. తిరిగొచ్చాక సందులో నెమ్మదిగా తిప్పుతుంటే చక్రం తిరిగినప్పుడల్లా కిచ్ కిచ్ అని పిచ్చుక పిల్ల అరిచినట్టు చప్పుడు. కూర్చుని చూస్తే బెల్ట్ మధ్యలో చిల్లు. పెన్ను మొన దూరేంత ఉంది, అటువైపు వెలుతురు కనిపిస్తోంది. బయటి అంచు పొడవునా పోగులు లేచాయి. అంచు కుట్టని ఖద్దరు పంచె నాలుగు ఉతుకులు పడ్డాక ఎలా ఉంటుందో అలా.

ఇంకో సంగతి, పోయిన నెలలోనే వెనక టైరు కొత్తది వేయించాను. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో.

పై వారం నలుగురం కలిసి అరకు అనుకున్నాం. రానూపోనూ 900 దాటుతుంది. ఈ బెల్ట్‌తో వెళ్లొచ్చా? బెల్ట్ ఒక్కటే 20 వేల చిల్లర అవుతుందని ఒకరు చెప్పారు. అంత ఖర్చు తప్పదంటే పెడతాను గానీ, ఊరికే భయపడి పెట్టకూడదు కదా.

డెక్కన్_థంపర్

చైన్‌కి మార్చేయ్ బ్రో. కిట్లు దొరుకుతాయి. తెగినా ఏ ఊళ్లోనైనా లింక్ వేస్తారు. బెల్ట్ తెగితే నువ్వూ బండీ లారీలో ఇంటికి.

కాకినాడ_కుర్రాడు

అన్నా, మా యాక్టివాకి బెల్ట్ 24 వేల కిలోమీటర్లకే మార్చేశారు. అది కూడా బయటికి బాగానే కనిపించింది. మీది 43 వేలంటే ఎప్పుడో మార్చాల్సింది. ముందు మార్చేయండి.

మిల్లు_బెల్టులాయన

తమ్ముడూ, ముందు ఆ యాక్టివా లెక్క పక్కన పెట్టు. కాకినాడ అబ్బాయి ఏమీ అనుకోకు, నువ్వు చెప్పింది నీ స్కూటరుకి నిజమే. స్కూటర్ కవర్ లోపల ఉండేది వి-బెల్ట్. రెండు పుల్లీల చెంపలకి ఒరుసుకుని లాగుతుంది, పైకీ కిందికీ జరుగుతూ గేర్ల పని కూడా అదే చేస్తుంది. ఒరుసుకునేది అరగక తప్పదు. అరిగి సన్నబడితే పుల్లీలో లోతుకి దిగిపోతుంది, పికప్ పోతుంది. అందుకే దానికి కిలోమీటర్ల గడువు. 883ది పళ్ల బెల్ట్. పన్ను వెళ్లి గాడిలో కూర్చుంటుంది. రాయి తగలకుండా, టెన్షన్ (బిగువు) సరిగ్గా ఉంటే లక్ష దాకా లాగినవి ఉన్నాయి. రాయి తగిలితే వారంలో పోయినవీ ఉన్నాయి. మీటరు చూసి కాదు, బెల్ట్‌ని చూసి మార్చాలి.

మాది మిర్యాలగూడ. ముప్పై ఏళ్ల నుంచీ రైస్ మిల్లుల్లో మెయింటెనెన్స్ పని. ఎలివేటర్ బెల్టులు, మోటారు బెల్టులు ఎన్ని మార్చానో లెక్కలేదు. 2015లో నేనూ ఒక పాత 883 కొన్నాను. మా ఇంట్లోవాళ్లకి ఇప్పటికీ దాని అసలు రేటు చెప్పలేదు. 71 వేలు తిరిగింది, బెల్ట్ ఒకసారి మార్చాను. ఆ మార్చిన కథ చివర చెబుతాను.

నువ్వు చూసింది ఒక చిల్లు. బెల్ట్ మొత్తం చూశావా? చూసి ఉండవు. ఎవరూ చూడరు, కనిపించిన చోట చూసి లేచిపోతారు. బండిని జాకీ మీదో ప్యాడాక్ స్టాండ్ మీదో వెనక చక్రం లేచేలా పెట్టు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో వేసి, చక్రాన్ని చేత్తో తిప్పు. ఇంజిన్ మీద తిప్పుతూ వేలు పెట్టి చూసే మొనగాళ్లు ఉన్నారు. మా మిల్లులో అలాంటి మొనగాడికి రెండు వేళ్లు లేవు. ఒక పంటి మీద సుద్దతో గీత పెట్టి అక్కడ మొదలుపెట్టు, టార్చి వేసి ఒక్కో పన్నూ చూసుకుంటూ మళ్లీ ఆ గీత దగ్గరికి రా. పైవైపు, పళ్లవైపు, రెండు అంచులూ. అరగంట పని.

ఏం కనిపిస్తే ఏం చేయాలో చెబుతాను. పంటిలో వెంట్రుకంత సన్న గీతలుంటే నడపొచ్చు, కనిపెట్టుకుని ఉండాలి. అదే పగులు పంటి బయటి ముఖానికి వచ్చి కనిపిస్తే బెల్ట్ తీసేయాలి. ఒక పన్ను ఊడినా తీసేయాలి. పళ్లు ఒకవైపుకి కొక్కెంలా వంగి అరిగినా తీసేయాలి. అక్కడక్కడ చిన్న పెచ్చు లేచినా, బయటి అంచు మాత్రమే ఏటవాలుగా అరిగినా, నువ్వు చెప్పినట్టు అంచు పోగులు లేచినా భయం లేదు, నడపొచ్చు. ఇవి నా సొంత లెక్కలు కావు, సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మలేసి మరీ ఉంటాయి.

ఇక నీ చిల్లు. రాయి ఎక్కడ తగిలిందన్నదే ప్రశ్న. ఈ బెల్ట్‌లో లాగేది పైన కనిపించే నలుపు కాదు. లోపల పొడుగ్గా పక్కపక్కనే పోగులు నడుస్తాయి, కెవ్లార్ జాతివో కార్బన్‌వో. మధ్యలో చిల్లు పడితే నాలుగు పోగులు తెగుతాయి, అటూ ఇటూ ఉన్నవి బరువు పంచుకుంటాయి. అంచున తెగితే పంచుకోవడానికి ఒక వైపు ఎవరూ ఉండరు. పైగా పుల్లీ అంచు అక్కడే ఒరుసుకుంటుంది. ఆ తెగిన చోటు నుంచి లోపలికి చీలుకుంటూ వస్తుంది. మధ్యలో చిల్లు అయితే చూసుకుంటూ నడుపు. అంచున అయితే సందు చివర దాకా కూడా వద్దు.

టైరు సంగతి మంచిగా గుర్తు చేశావు. చక్రం తీసినప్పుడు బెల్ట్‌ని ఎలా పెట్టారు? తిరిగి బిగించాక టెన్షన్ కొలిచారా, లేక బొటనవేలితో నొక్కి "ఓకే సార్" అన్నారా? కిచకిచలు దుమ్ముకీ వస్తాయి, అతి బిగువుకీ వస్తాయి. దుమ్మయితే సబ్బునీళ్లతో పోతుంది. ఆయిల్, గ్రీజు, చైన్ స్ప్రే మాత్రం దాని దరికి రానివ్వకు.

కొలవడం తేలికే. బండి పూర్తిగా చల్లబడ్డాక చెయ్యాలి, వేడి మీద బెల్ట్ ఇంకా బిగువుగా కనిపిస్తుంది. కింది వరస మధ్యలో నాలుగున్నర కిలోల బలం పెడితే ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో చూడాలి. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటే లెక్కలోకి తీసుకోవాలి. ఎంత కదలాలన్నది నీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. బండి సైడ్ స్టాండ్ మీద ఉండాలా, మనిషి కూర్చోవాలా అన్నదీ అందులోనే ఉంటుంది. అది చదవకుండా కొలిస్తే కొలవనట్టే.

ఇక నా కథ. 2019లో అంచున గోరంత కోత చూశాను. బెల్టుల్లో నాకు తెలియనిదేముంది అనుకుని రెండు నెలలు నడిపాను. ఒక రాత్రి కోదాడ దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామని థ్రాటిల్ తిప్పాను. చిన్న కుదుపు, అంతే. ఇంజిన్ గోల పెడుతోంది, బండి కదలదు. బెల్ట్ నూరు గజాల వెనక రోడ్డు మీద చచ్చిన పాములా పడుంది. పక్కన లారీ, వెనకాల ఇంకో లారీ. టాటా ఏస్ దొరికేసరికి రాత్రి పన్నెండున్నర.

చూసి చెప్పు, ఆ తర్వాత అరకు సంగతి మాట్లాడదాం.

వస్త్రలత_883

అన్నా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి కొట్టు కట్టేశాక కూర్చున్నాను. సుద్దకేం కరువు, టైలర్లకి ఇచ్చే చాక్ ముక్కలు డబ్బా నిండా ఉన్నాయి. మా గుమాస్తా టార్చి పట్టుకున్నాడు, నేను చక్రం తిప్పాను.

మొదటి చిల్లు మధ్యలోనే. దాని చుట్టూ చీలిక లేదు. గుండె కుదుటపడింది. లేచిపోబోయాను కూడా, మీరన్న "కనిపించిన చోట చూసి లేచిపోతారు" గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాను. సగం పైన తిరిగాక మావాడే చూశాడు, "అన్నయ్యా, ఇక్కడేదో కొరికినట్టుంది" అని. లోపలి అంచు అది, నేను వంగి చూసినా కనిపించే వైపు కాదు. బియ్యపు గింజంత ముక్క ఎగిరిపోయింది, అందులోంచి పోగులు రెండు బయటికి వేలాడుతున్నాయి. దాని పక్క పంటి మొదట్లో పగులు, గోరు పెడితే పట్టుకుంటోంది. ఫొటో తీశాను గానీ ఈ చీకట్లో ఏమీ తెలియడం లేదు.

తర్వాత టెన్షన్. పార్సిళ్లు తూచే కొక్కెం త్రాసు ఉంది కొట్లో. కింది వరసకి బట్ట పట్టీ చుట్టి, త్రాసు తగిలించి, నాలుగున్నర కిలోలు చూపేదాకా కిందికి లాగాను. మావాడు స్కేలు పెట్టాడు. బాగా బిగువుగా ఉన్న చోట 3 మిల్లీమీటర్లు. మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి చూస్తే అందులో ఉన్నదానిలో సగం కూడా లేదు. నెల రోజులుగా ఇలాగే తిప్పుతున్నానన్నమాట.

టైరు వేసిన రోజు గుర్తు చేసుకున్నాను. ఆ షాపు పేరు చెప్పడం దేనికిలెండి. చక్రం తీశాక బెల్ట్ అడ్డొస్తోందని కుర్రాడు దాన్ని వి ఆకారంలో మడిచి, తాడుతో ఫుట్‌పెగ్‌కి కట్టేశాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాను. తప్పని తెలియదు. తెలిసుంటే నేనే ఆపేవాణ్ణి, ఎందుకంటే మా వ్యాపారంలో ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. పట్టుచీరని ఒకే మడత మీద ఏళ్ల తరబడి బీరువాలో ఉంచితే జరీ ఆ మడత దగ్గరే విరుగుతుంది. చీరకి రంధ్రం ఉండదు, మరక ఉండదు, విప్పితే మడత వెంబడి చీలుతుంది. లోపల పోగులంటున్నారు కాబట్టి దీనికీ అదే అయి ఉంటుందా?

ఇంకోటి. మాన్యువల్‌లో బొమ్మ చూస్తుంటే కింది వరసకి ముందు ఒక ప్లాస్టిక్ గార్డు ఉండాలని ఉంది. నా బండికి పై గార్డు ఉంది, కిందిది లేదు. పాత ఓనరుకి ఫోన్ చేస్తే, "లుక్ బాగుంటుందని తీయించాను సార్" అన్నాడు. కంకర నేరుగా అందులోకి పోయిందన్నమాట.

మిల్లు_బెల్టులాయన

అంచు కోత, పంటి పగులు, ఇంకేం మిగిలింది. బండి కదపకు తమ్ముడూ. అరకు ఎక్కడికీ పోదు.

జరీ పోలిక నాకు తట్టలేదు, బాగుంది. సరిగ్గా అదే. ఈ పోగులు పొడుగునా లాగితే ఏనుగు బలం, మడిస్తే పుల్ల. ముందు స్ప్రాకెట్ (బెల్ట్ తిరిగే పళ్ల చక్రం) చుట్టుకొలత ఎంతుందో అంతకన్నా చిన్నగా బెల్ట్‌ని ఎప్పుడూ చుట్టకూడదు. పళ్లు బయటికి వచ్చేలా వెనక్కి తిప్పి మడవకూడదు. స్క్రూడ్రైవర్‌తో తన్ని స్ప్రాకెట్ మీదికి ఎక్కించకూడదు. కొత్త బెల్ట్ డబ్బాలోంచి తీసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. కొరియర్‌వాళ్లు డబ్బా నొక్కేసి తెచ్చి ఉంటే తీసుకోకు.

అతి బిగువు సంగతి, బెల్ట్ ఒక్కదానికే కాదు నష్టం. గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ బేరింగు, వెనక చక్రం బేరింగులు రాత్రీ పగలూ ఆ లాగుడు మోస్తాయి. సస్పెన్షన్ కదిలినప్పుడల్లా రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం కొంచెం మారుతుంది, బెల్ట్‌కి ఆ మాత్రం వదులు ఉండాలి. చక్రం తీసినప్పుడు బేరింగులు వేలితో తిప్పి చూడు, గరగరలాడితే అవి కూడా.

ఇంకో పరీక్ష, ఇది తప్పకుండా చెయ్యి. వెనక స్ప్రాకెట్ అల్యూమినియం, పైన క్రోమ్ పూత. ఒక చాకు మొనని గాడి అడుగున ఓ మాదిరి నొక్కి లాగు. గీత పడకుండా జారిపోతే పూత ఉన్నట్టు. దిగబడి గీత పడితే పూత పోయినట్టు, ఉత్త అల్యూమినియం అది. దాని మీద కొత్త బెల్ట్ వేస్తే ఆకురాయి మీద పట్టుబట్ట లాగినట్టే, నీ భాషలోనే చెబుతున్నా.

డెక్కన్_థంపర్

అందుకే చైన్ అన్నా నేను 😄

పాత_స్పోర్ట్‌స్టర్_హైదరాబాద్

చైన్ మంచిదే, వద్దనడం లేదు. కానీ రెండు స్ప్రాకెట్లూ మార్చాలి, ఆ తర్వాత ఈయన మళ్లీ ఆదివారాలు ప్యాంటు పాడు చేసుకోవాలి. 1980లో స్టర్జిస్ మోడల్‌కి ప్రైమరీ (ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కి), ఫైనల్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రానికి) రెండూ బెల్టులే పెట్టారు. తర్వాత ఆ ఫైనల్ బెల్టే కంపెనీ బండ్లలో చాలావాటికి అలవాటైంది. మంచి రోడ్డు మీద దానికి మించింది లేదు. మన దగ్గర అసలు తంటా కంకర.

ఆర్డర్ పెట్టే ముందు ఒక్క మాట. 883 బెల్ట్ అనగానే అన్నీ ఒకటి కావు. ఏ ఏడాది, ఏ దేశానికి పంపిన బండి అన్నదాన్ని బట్టి పళ్ల సంఖ్య, వెడల్పు మారతాయి. నీ బండి బెల్ట్ పళ్లు ఎలాగూ చాక్ పెట్టి తిరిగావు కాబట్టి లెక్కపెట్టెయ్. వెడల్పు కొలువు. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తెప్పించుకుని, రెండూ కలిస్తేనే డబ్బు కట్టు. 2020లో కంపెనీ ఇక్కడ తన దుకాణం ఎత్తేసి, హీరో వాళ్లకి అప్పజెప్పాక పార్టులు వస్తున్నాయి గానీ నా అనుభవంలో ఓపిక కావాలి. నేను ఒక షోరూంలో ఆర్డర్ ఇస్తే ఏడు వారాలు పట్టింది. వాళ్లు రెండు వారాలన్నారు.

పని ఎవరితో చేయించినా దగ్గర కూర్చో, ఈసారి టీ తాగుతూ కాదు. సైలెన్సర్ అడ్డొస్తే తీయాలి, ముందు స్ప్రాకెట్ కవర్ తీయాలి. ముందు స్ప్రాకెట్ నట్ ఏ వైపు తిప్పితే వదులవుతుందో మాన్యువల్ చూడకుండా పైపు పెట్టి లాగనివ్వకు. యాక్సిల్ (వెనక చక్రం ఇరుసు) జరిపేటప్పుడు అడ్జస్టర్లు రెండు వైపులా ఒకే లెక్కన తిప్పాలి. స్వింగ్‌ఆర్మ్ పివట్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి ఫ్రేముకి బిగిసే చోటు) నుంచి యాక్సిల్ మధ్య దాకా రెండు వైపులా దూరం కొలవాలి. అది తేడా వస్తే బెల్ట్ ఒక అంచుకి ఒరుసుకుంటుంది. నీ బయటి అంచు పోగులు అలా లేచినవే కావచ్చు. చివర్లో యాక్సిల్ నట్ టార్క్ రెంచ్‌తో బిగించాక టెన్షన్ మళ్లీ చూడాలి, నట్ బిగిస్తే మారిపోతుంది. కొత్త బెల్ట్‌తో వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడాలి.

కాకినాడ_కుర్రాడు

నేను ఇన్నాళ్లూ అన్ని బెల్టులూ ఒకటే అనుకున్నా. మా అక్కకి ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది, దాని వెనక చక్రానికి కూడా పళ్ల బెల్ట్ కనిపిస్తుంది. దానికీ ఇలాగే రాళ్లు తగులుతాయా?

మిల్లు_బెల్టులాయన

పళ్ల బెల్ట్ ఎక్కడున్నా రాయికి అలుసే బాబూ. కడిగేటప్పుడు ఒకసారి చుట్టూ చూడమను మీ అక్కని. టెన్షన్ మాత్రం ఇంట్లో కదిలించకండి, సర్వీసువాళ్ల దగ్గర దానికి తగ్గ కొలత ఉంటుంది.

వస్త్రలత_883

నెలన్నర తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించాలి.

బేళ్లు విప్పే కత్తి మొనతో వెనక స్ప్రాకెట్ గాళ్లు గీశాను. చాలా వాటిలో జారిపోయింది. వరసగా నాలుగు గాళ్లలో మాత్రం వెండి గీత పడింది. ఆ నాలుగు చోట్ల పళ్ల మూలలు కూడా కొంచెం నలిగి ఉన్నాయి, రాయి అక్కడే ఇరుక్కుని తిరిగినట్టుంది. దాంతో బెల్ట్, రెండు స్ప్రాకెట్లు అన్నీ సెట్‌గా తెప్పించాను. ఖర్చు ఎంతయిందో ఇక్కడ రాయను, మా ఆవిడ ఈ పేజీ చూసే అవకాశం ఉంది. మిర్యాలగూడ అన్న దారే నాదీ.

బేరింగులు మాత్రం బాగానే ఉన్నాయి, అదొక్కటే ఊరట. బిగించిన రోజు త్రాసు, స్కేలు నేనే తీసుకెళ్లాను. మెకానిక్ నవ్వాడు. మొదటిసారి యాక్సిల్ నట్ బిగించాక కొలిస్తే హైదరాబాద్ అన్న చెప్పినట్టే టెన్షన్ మారిపోయింది, రెండుసార్లు వదులు చేసి సర్దాల్సి వచ్చింది. రెండోసారికి ఆ త్రాసు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఇచ్చేసి వచ్చాను.

ఆ కిచకిచ పోయింది. అసలు తేడా న్యూట్రల్‌లో తోసినప్పుడు తెలిసింది. ఇదివరకు కొట్టు ముందు మెట్టు మీదికి ఇద్దరం పట్టాల్సి వచ్చేది, బండి బరువనుకునేవాణ్ణి. ఇప్పుడు ఒక్కణ్ణే తోసేస్తున్నాను.

అరకు మిగతా ముగ్గురూ బండ్ల మీద వెళ్లారు. నేను విశాఖ దాకా ఒక రైలు, అక్కడి నుంచి కిరండూల్ రైలు పట్టుకుని వాళ్లకన్నా ముందే చేరాను. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో అందరూ ఒకటే కేకలు, అదో సరదా.

పాత బెల్ట్‌ని కోసి చూశాను. తాడు కట్టిన చోటు ఇదే అని ఖాయంగా చెప్పలేను గానీ, ఒకచోట అడ్డంగా సన్నటి తెల్ల గీత ఉంది, అక్కడ చేత్తో వంచితే మిగతా చోట్ల కన్నా మెత్తగా వంగుతోంది.

ఒక్కటే మిగిలింది. కింది గార్డు కొత్తది రావడానికి ఇంకా టైం పడుతుందట. అది లేకుండా కంకర ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఎవరి దగ్గరైనా 2013కి సరిపోయే పాతది ఉంటే చెప్పండి, గీతలున్నా పర్లేదు.

పాత_స్పోర్ట్‌స్టర్_హైదరాబాద్

నా దగ్గర ఒకటి అటక మీద ఉండాలి. నేనూ లుక్ కోసం తీసినవాణ్ణే 🙈 రేపు పొద్దున దించి ఫొటో పెడతాను. బోల్టులు మాత్రం లేవు, అవి నువ్వే వెతుక్కోవాలి.